నీటి బరువు, సారథి లేని బండి

విక్రయమునకు వచ్చు వస్తువులలో తాగునీటియంత బరువై, తాగునీటియంత చౌకగా అమ్ముడుపోవునది వేరొకటి అరుదు. కర్నూలు జిల్లా ఆదోని మార్కెట్టు యార్డులో క్వింటాలు పత్తి వేల రూపాయలు పలుకుచుండగా, అదే క్వింటాలు నీరు ఆ జిల్లాలోనే పెద్దకడుబూరు వీధిలో ఐదు క్యాన్లు మాత్రమే. ఐదింటి వెలయు కూడినను నూరు రూపాయలకు మించుట కష్టము. పత్తిని మోసిన కూలి దాని ధరలో ఇసుమంత భాగము. నీటిని మోసిన కూలి యన్ననో, దానిని శుద్ధిచేసిన ఖర్చుతో పోటీపడి, అనేక సందర్భములలో దానిని మించును. సీసా నీటి పరిశ్రమను గూర్చి ముచ్చటించువారు వడపోత పొరలను, ఓజోను వాయువును, ప్లాస్టిక్కు నాణ్యమును విస్తారముగా చర్చింతురు గాని, ఆ పరిశ్రమలో సగము మోతపనియే యని గుర్తించువారు తక్కువ. ఇంజనీర్లు ఏ.జీ.వీ. లని వ్యవహరించునట్టి, తమంతట నడచు సారథిరహిత వాహనములను ఆ కార్ఖానాలలో ప్రవేశపెట్టుట యుక్తమా కాదా యను ప్రశ్నను, ఈ మోతపని వైపునుండి చూచినప్పుడే దాని గుణదోషములు తేటపడును.

ఈ బండి నిన్న మొన్నటిది కాదు. తుంగభద్ర జలాశయము సిద్ధమై, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము అవతరించిన 1953వ సంవత్సరముననే, అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రమున బారెట్ ఎలక్ట్రానిక్స్ అను సంస్థ, మనిషి తోలనక్కరలేని లాగుడుబండిని నిర్మించినది. నేలలో పాతిన తీగలో విద్యుత్తు ప్రవహించునప్పుడు దాని చుట్టును పుట్టు అయస్కాంత క్షేత్రమును పసిగట్టుచు, ఆ తీగ వెంబడి మాత్రమే సాగుట ఆ బండి నేర్పు. మరుసటి యేడు దక్షిణ కరొలినాలోని కొలంబియా నగరమున ఒక సరకు రవాణా సంస్థ గిడ్డంగిలో అది పనికి కుదిరినది. అటుపిమ్మట 1974లో స్వీడన్ దేశపు కాల్మార్ పట్టణమున వోల్వో సంస్థ కట్టిన కార్ల కార్ఖానాలో ఈ బండ్లకు మరియొక గౌరవము లభించినది. నిలువక పారు గొలుసుపట్టాకు శ్రామికుడు దాసుడై, ఒకే మరను రోజంతయు బిగించుచుండు పద్ధతిని అచ్చట మాన్పి, ఒక్కొక్క కారును ఒక్కొక్క స్వయంచాలిత వాహనముపై నిలిపి, పనివారి బృందముల కడకు నడిపించి, వారు తమ పని తీరిక ప్రకారము పూర్తిచేయునట్లు ఏర్పాటు చేసిరి. మనిషిని తొలగించుటకై గాక, మనిషి పనికి మర్యాద కల్పించుటకై యీ బండి వినియోగపడిన ఆ ఘట్టము నా దృష్టిలో దాని చరిత్రయంతటికిని శిఖరము. 2012లో అమెజాన్ సంస్థ డెబ్బది ఏడున్నర కోట్ల డాలర్లకు కివా సిస్టమ్స్‌ను కొనుటతో గిడ్డంగులలో ఇవి వేలకొలదిగా తిరుగుట ప్రారంభమైనది. మన దేశమున గ్రేఆరెంజ్, యాడ్వెర్బ్ వంటి సంస్థలు గిడ్డంగుల కుపకరించు స్వయంచాలిత యంత్రములను నిర్మించుచున్నవి. కనుక ఇది పరదేశపు వింతయని త్రోసిపుచ్చుటకు వీలులేదు.

సీసా నీటి కార్ఖానాలో ఈ బండి చోటెక్కడ? బోరునుండియో కాలువనుండియో వచ్చిన నీరు ఇసుక, బొగ్గు వడపోతలను దాటి, ఆర్.ఓ. పొరలగుండ పోయి, అతినీలలోహిత కాంతియు ఓజోనును సోకి, నింపుడు యంత్రమును చేరును. ఇంతవరకు నీటిని మోయునది గొట్టమే. మరియొక వంక, బొటనవ్రేలివలె కురచగానుండు ప్లాస్టిక్కు ప్రీఫారములు వేడెక్కి, గాలితో ఉబ్బి సీసాలై వచ్చును. నీరు నిండును, మూత పడును, చీటీ అంటును, పన్నెండేసి సీసాలకు ఒక కట్టగా పలుచని పొర చుట్టుకొనును. సీసాలు కన్వేయరుపై తాము నడచివచ్చుచున్నంతవరకు బండికి పనిలేదు. కట్టలు ప్యాలెట్టుపై అంతస్తులుగా పేర్చబడిన క్షణమునుండి మాత్రము, అదివరకు ప్రవహించినది ముద్దగా నిలిచిపోవును. ఆ ముద్దను గిడ్డంగికి చేర్చుట, గిడ్డంగినుండి లారీకి చేర్చుట, ఎదురుదారిలో ప్రీఫారముల పెట్టెలను, మూతల మూటలను, పొర చుట్టలను యంత్రముల కందించుట, ఖాళీ ప్యాలెట్లను త్రిప్పి తెచ్చుట యను నాలుగు పనులే సారథిరహిత వాహనమునకు తగినవి. ఇవి యన్నియు ఒకే దారిన, ఒకే ఎత్తున, ఒకే బరువుతో రాత్రింబవళ్లు జరుగుచుండుటచేత, సీసా నీటి కార్ఖానా యీ వాహనమునకు అత్యనుకూలమైన క్షేత్రమని ఇంజనీర్లు చెప్పుట సమంజసమే.

లెక్క వేసి చూతము. గంటకు 24,000 లీటరు సీసాలు నింపు వరుస యొకటి యున్నదనుకొన్నచో, గంటకు 24 టన్నుల నీరు ఆ గదినుండి కదలవలెను. పన్నెండు సీసాల కట్టలు అరువది యొక ప్యాలెట్టుపై నిలిచిన, ప్యాలెట్టు నీరు 720 కిలోలు. గంటకు ముప్పదిమూడు ప్యాలెట్లు, అనగా రెండు నిమిషములలోపున నొకటి చొప్పున తయారగును. గిడ్డంగి నూరు మీటర్ల దూరమున నున్నచో, సెకనుకు మీటరు చొప్పున నడచు బండి, పోయివచ్చుటకును, ఎత్తి దింపుటకును కలిపి సుమారు అయిదు నిమిషములు తీసికొనును. గంటకు పన్నెండు మారులు తిరుగును. మూడు బండ్లు చాలును. బ్యాటరీ నింపుకొనుటకు, ఒండొంటికి దారి యిచ్చుకొనుటకు పట్టు కాలమును కలుపుకొని నాలుగు కావలెను. తడ సమీపమున శ్రీసిటీలో పెప్సీకో సంస్థ 2015లో ప్రారంభించినట్టి మహాపానీయ కార్ఖానాల పరిమాణమున ఇట్టి లెక్క పొసగును. ఫోర్కులిఫ్టు తోలువారు మూడు షిఫ్టులకు మూడు జట్లు కావలసియుండగా, వాహనములు నాలుగును షిఫ్టు మారుట యెరుగక పనిచేయును. ఉత్పత్తి సగమునకు తగ్గినచో మాత్రము, ఆ నాలుగింటిలో రెండు నిలిచియుండియు పెట్టుబడికి వడ్డీ పెరుగుచునే యుండును. వేసవిలో పొంగి వానకాలమున కుంగు స్వభావము గల నీటి వ్యాపారమునందు ఇది చిన్న విషయము కాదు.

బండి దారి తెలిసికొను పద్ధతులు నాలుగైదు కలవు. నేలలో పాతిన తీగ మొదటిది. నేలపై అతికించిన అయస్కాంతపు పట్టీ రెండవది, మార్చుటకు సులువు గాని చక్రముల క్రింద నలిగి చిరుగును. స్తంభములకు అమర్చిన ప్రతిఫలక ఫలకములపై లేజరు కిరణమును త్రిప్పి, మూడు ఫలకముల దిక్కులనుబట్టి తన స్థానమును గణించుకొను పద్ధతి 1990 దశకమునుండి విరివియైనది. గోడలు, స్తంభములు, యంత్రముల ఆకారమునే పటముగా గ్రహించి తిరుగు పద్ధతి సరికొత్తది. నాకు తోచినంతలో నీటి గిడ్డంగికి ఈ కడపటిది అంత తగినది కాదు. ఏలయన అచ్చటి గోడలు ప్యాలెట్ల దొంతరలే, అవి గంటగంటకు ఆకారము మార్చుకొనుచుండును. ఉదయమున చూచిన పటము సాయంత్రమునకు చెల్లదు. ఫలకములు పైయెత్తున స్తంభములకే యుండి మారకుండుటచేత లేజరు ఫలకముల పద్ధతి స్థిరమైనది. పైగా నీరు నిండిన ప్లాస్టిక్కు సీసా పారదర్శకము. మెరయు పొర చుట్టిన కట్టపై పడిన కిరణము కొంత లోనికి పోయి, కొంత ప్రక్కకు చెదరి, తిరిగి రావలసిన కడకు రాక, దూరపు కొలతను తప్పించును. అట్టపెట్టెలను చక్కగా గుర్తించు కన్ను నీటి సీసాలయెదుట తడబడుట ఇంజనీరింగు గ్రంథములు చదువని గిడ్డంగి పనివానికిని ఒక్క దినములో తెలియు సంగతి.

నేల సంగతి అంతకంటె ముఖ్యము. పశ్చిమ కర్నూలునకు ప్రత్యేకముగా ముఖ్యము. సీసా నీటి కార్ఖానాలో నేల సర్వదా కొంత తడిసియుండును. నింపుడు యంత్రము చిలుకరించిన నీరు, కన్వేయరు పట్టాకు పూసిన జారుడు ద్రవము, పగిలిన సీసా ఒలుకు కలిసి చక్రము జారునట్లు చేయును. చక్రము తిరిగిన కొలతనుబట్టి దూరము గణించుకొను బండి, తాను పోయితినని తలచిన చోటికి పోకయే నిలుచును. దీనికి తోడు మన నల్లరేగడి. ఆదోని, పెద్దకడుబూరు, ఎమ్మిగనూరుల మధ్య పొలములలో వేసవినాడు నడచినవారికి, చేయి దూరునంత వెడల్పున నెర్రెలు విచ్చిన నేల పరిచితమే. వాన పడగానే అదే నేల ఉబ్బి, పైనున్న కట్టడమును ఎత్తును, ఎండగానే కుంగును. గోడకు బీట పడినను ఇల్లు నిలుచును గాని, అరచేతి మందము గల కాంక్రీటు పలక ఒక అంచు వ్రేలెడు లేచినచో, ముప్పాతిక టన్ను నీటిని రెండు కొమ్ములపై మోసికొని పోవు వాహనమునకు అది పెద్ద మెట్టు. కట్ట వంగును, పొర చిరుగును, బండి తనలోని భద్రతా నియమమునుబట్టి నిలిచిపోవును. దాని వెనుక మిగిలినవియు నిలుచును. కనుక ఈ ప్రాంతమున ఇట్టి కార్ఖానా కట్టదలచినవారు బండ్ల ధరపట్టిక చూచుటకు ముందు, రేగడిని తగినంత లోతు తవ్వి తీసి, గరుసు పోసి, నీరుచల్లి దిమ్మెస కొట్టి, దానిపై పలక వేయు ఖర్చును వ్రాసికొనవలెను. నేలకైన ఖర్చును బండి ఖర్చులో చేర్చని లెక్క పూర్తిలెక్క కాదు.

ఎండయు, కరెంటును తరువాతివి. సీసపు బ్యాటరీ ఇరువదియైదు డిగ్రీల వేడిమిలో ఎంత కాలము నిలుచునో, పది డిగ్రీలు పెరిగిన అందులో సుమారు సగమే నిలుచును. రేకుల కప్పు క్రింద మన వేసవి నలువది దాటుట సామాన్యము. లిథియం బ్యాటరీ వెల అధికమైనను, బండి ప్యాలెట్టు కోసము వేచియుండు రెండు మూడు నిమిషములలోనే కొంత కొంత శక్తి పుచ్చుకొనగలుగుటచే ఇచ్చట అదియే మేలు. కరెంటు పోయినప్పుడు బండ్లు తమ బ్యాటరీతో నడువగలవు గాని, వానికి ఆజ్ఞలిచ్చు కంప్యూటరును తీగలేని సంకేతములును ఆగినచో ఉన్నచోటనే నిలుచును. మామూలు ఫోర్కులిఫ్టు ఒకటియు, దానిని తోలనేర్చిన మనిషియు ప్రతి కార్ఖానాలోను నిలుపుకొనుట అందుచేత తప్పనిసరి.

ఈ వాహనముల అసలు ప్రయోజనము కూలి మిగులుటలో నున్నదని అమ్మువారు చెప్పుదురు. నేనందు పాక్షికముగానే ఏకీభవింతును. నీటి విషయమున వాని గొప్ప ప్రయోజనము జ్ఞాపకము. మన దేశమున 2001వ సంవత్సరము మార్చి నెలనుండి సీసా నీటికి ఐ.ఎస్. 14543 ప్రమాణపు ముద్ర తప్పనిసరియైనది. 2003లో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రము, సీసా నీటిలో పురుగుమందుల అవశేషములున్నవని ప్రకటించి దేశమును కలచివేసినది. 2024 అక్టోబరులో ఆ తప్పనిసరి ముద్రను ఎత్తివేసినను, కొద్దికాలములోనే ఆహార భద్రతాధికార సంస్థ సీసా నీటిని అధికాపాయము గల ఆహారముల వర్గమున చేర్చినది. సూక్ష్మజీవ పరీక్షలలో కొన్నింటికి ఫలితము రోజుల తరువాత గాని రాదు. ఆ ఫలితము వచ్చునంతవరకు ఆ పూట నింపిన సరకు గిడ్డంగిలో ప్రత్యేకముగా నిలిచియుండవలెను. రద్దీ వేళ, లారీవాడు హారను మ్రోయించుచుండగా, మనిషి అటు తీయవలసిన ప్యాలెట్టును ఇటు తీయుట సహజము. సారథి లేని బండికి ఏ ప్యాలెట్టు ఏ గంటలో ఏ నింపుడు యంత్రమునుండి వచ్చినదో, ఏ గడిలో నున్నదో, విడుదల ఆజ్ఞ అందినదో లేదో తెలిసియుండును. ఆజ్ఞ లేనిదే కదలదు. దోషము బయటపడినచో ఆ ప్యాలెట్లు ఏ లారీలో పోయినవో నిమిషములో చెప్పును. తాగువాని ఆరోగ్యమునకు ఇది నేరుగా సంబంధించిన మేలు. డీజిలు ఫోర్కులిఫ్టు పొగ సోకని గిడ్డంగిలో నీరు నిలుచుటయు చిన్న మేలు కాదు. ఏలయన సీసా ప్లాస్టిక్కు గోడ వాసనలను కొంత లోనికి పోనిచ్చును.

భద్రతకు వచ్చినచో, బండి ముందుభాగమున నేలకు జానెడెత్తున నుండు లేజరు కన్ను ఎదుటి స్థలమును రెండు వలయములుగా విభజించి చూచును: వెలుపలి వలయములోనికి మనిషి వచ్చినచో వేగము తగ్గును, లోపలి వలయములో అడుగుపెట్టినచో నిలిచిపోవును. 2020లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 3691-4 ప్రమాణము ఈ నియమములన్నిటిని క్రోడీకరించినది. అయితే ఆ కన్ను నేలమట్టమును చూచును గాని, పైనుండి ప్రక్కకు పొడుచుకొని వచ్చిన పలకను చూడకపోవచ్చును. కనుక దారులను పసుపు గీతలతో వేరుచేసి, పనివారికి ఆ గీతల నడవడి నేర్పవలెను. నేర్పువాడు తెలుగున నేర్పవలెను.

ఇంతవరకు చెప్పినది గంటకు ఇరువదినాలుగు టన్నుల లోకము. మన లోకము వేరు. 1937లోనే షార్ట్ మొదలగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగిపోయినవారిని పరీక్షించి లోకమునకు తెలిపిరి. బోరునీటిపై తెలుగుదేశపు అపనమ్మకము అంత పాతది. తుంగభద్ర దిగువ కాలువ నీరు వేసవి నిల్వ చెరువులలో నింపుకొని, కాలువ మూసిన నెలలలో దానితోనే గడుపుకొను ఆదోని ప్రాంతమున, కుళాయి రాని దినములు ఉండనే యుండును. 2014 అక్టోబరు 2న ఎన్.టి.ఆర్. సుజల పథకము ఇరువది లీటర్లను రెండు రూపాయలకు ఇచ్చుటకు ప్రారంభమైనది. దానికి ముందును వెనుకను ఊరూర ప్రైవేటు ప్లాంటులు వెలసినవి. నేడు మండల కేంద్రమున ప్లాంటు నీళ్లు లేని ఇల్లు, హోటలు, పెండ్లి పందిరి కానరాదు.

అట్టి ప్లాంటులో ఒక పూట నిలిచి చూచినవారికి విషయము బోధపడును. రేకుల షెడ్డు, మూల ఆర్.ఓ. యంత్రము, ముందు సిమెంటు గట్టు. కుర్రవాడు ఖాళీ క్యానును తలక్రిందుగా కడిగి, కుళాయి క్రింద పెట్టి, నిండినదానిని మెడ పట్టి ఎత్తి ప్రక్కన దించును. దానిని మరల ఎత్తి ట్రాలీ ఆటోలో పేర్చును. ఇంటిముందు ఆటోనుండి దించును. మేడమీది వారికైనచో భుజమున పెట్టుకొని మెట్లెక్కును. గంటకు వేయి లీటర్ల ప్లాంటు పది గంటలు పనిచేసినచో ఐదు వందల క్యాన్లు, పది టన్నులు. ఒక్కొక్క క్యాను నాలుగు మారులు ఎత్తబడినచో, రోజుకు నలువది టన్నుల ఎత్తుడు. దానిని ఇద్దరు ముగ్గురు పంచుకొందురు. మహా కార్ఖానాలో ఒక్క కిలో నీటిని కూడ మనిషి ఎత్తడు. యంత్రము పేర్చినదానిని యంత్రము మోయును. అచ్చట నాలుగు బండ్లు వచ్చి తొలగించునది ఫోర్కులిఫ్టు పీఠముపై కూర్చుండి చేయు పనియే. నడుము విరుగు నలువది టన్నులు ఇచ్చటనే మిగిలియున్నవి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ముప్పదినాలుగవ విభాగము, దేహమునకు హాని కలిగించునంత బరువు ఎవరిచేతను ఎత్తింపరాదని శాసించెను. ముగ్గురు పనివారున్న షెడ్డుకు ఆ చట్టము చేరలేదు.

కావున పెద్దకడుబూరు వంటి చోట సారథి లేని బండిని తెచ్చుట యను మాట నేటికి అనవసరము. ఆ బండి వెనుకనున్న సూత్రము మాత్రము అవసరము: బరువును ఎత్తరాదు, ఒకే ఎత్తున జరుపవలెను. కడుగు గట్టు, నింపు గట్టు, పేర్చు గట్టు మూడును నడుమెత్తున, ఆటో తొట్టి అడుగుతో సమానముగా కట్టి, వాని మధ్య ఇనుప రోలర్లు పరచినచో, నిండిన క్యాను వ్రేలితో త్రోసినను ఆటోలోనికి పోవును. నాలుగు ఎత్తుళ్లలో మొదటి రెండును మాయమగును. దీనికి లేజరు అక్కరలేదు, కంప్యూటరు అక్కరలేదు. ఆదోనిలోని ఏ వెల్డింగు దుకాణమైనను దానిని చేసి యివ్వగలదు. ఒక్కొక్కటి నూట డెబ్బది కిలోల బేళ్లను రెండు చక్రముల తోపుడుబండిపై వంచి నడిపించు నేర్పు ఆ పట్టణపు హమాలీలకు తరతరములుగా నున్నదే.

ఉపాధిని గూర్చి రెండు మాటలు. కోసిగి, పెద్దకడుబూరు మండలములనుండి ఏటేట కుటుంబములు ఇండ్లకు తాళములు వేసి, పిల్లలను వెంటబెట్టుకొని గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అనగా కోతకాలపు వలస కూలికి, పోవుట ఎల్లరెరిగినదే. ఇట్టి చోట పది ఉద్యోగములు తీసివేయు యంత్రమును సంతోషముగా ఆహ్వానింపుమని నేను చెప్పజాలను. అటులని క్యాను మోత ఉద్యోగమును కాపాడదగిన సంపదగా భావింపజాలను. నలుబది యేండ్లకే నడుము వంచు పనికి బదులు, ఆ యువకుడు ఐ.టి.ఐ.లో మోటార్ల పనియో, బ్యాటరీల పనియో, పంపుల మరమ్మతో నేర్చినచో ఊరిలోనే నిలువగలడు. పెద్ద కార్ఖానా ఎప్పుడైన వచ్చినచో, వాహనములను బాగుచేయువారు హైదరాబాదునుండి వచ్చువరకు వరుస నిలిచిపోకుండ, అచ్చటి పిల్లలకే ఆ విద్య నేర్పుట సంస్థ ఒప్పందములో వ్రాయించుకొనవలసిన మొదటి షరతు.

1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో నేతగాండ్ర సహకార సంఘము స్థాపించి, ఒక్కొక్క మగ్గమునకు సాధ్యము కాని నూలు కొనుగోలును, బట్టల అమ్మకమును అందరి తరపున సాధించిరి. ఈ మండలముల చిన్న ప్లాంటులవారును అట్లే కలిసినచో, పరీక్షల ప్రయోగశాల ఒకటి, క్యాన్లను వేడినీటితో కడుగు యంత్రమొకటి, రోలర్ల గట్టు గల నింపుడు శాల ఒకటి ఉమ్మడిగా నెలకొల్పుకొనవచ్చును. ఆర్.ఓ. యంత్రము త్రోసివేయు ఉప్పునీటిని వీధికాలువలో విడువక, పాత్రలు కడుగుటకు ఇచ్చు తొట్టి అచ్చటనే కట్టవచ్చును. బోరు నీరే ఆధారమైన ఊళ్లలో ఆ తొట్టి లేని ప్లాంటునకు అనుమతి ఇయ్యరాదని నా అభిప్రాయము. అట్టి ఉమ్మడి శాల గంటకు పది ప్యాలెట్లు దాటిన నాడు సారథి లేని బండిని గూర్చి మరల లెక్క వేయవచ్చును. అందాక ఆ శాలకు కావలసినది రేగడి తీసి గరుసు పోసిన చదును నేల, ఆటో తొట్టి ఎత్తుకు కట్టిన గట్టు, సాయంకాలము క్యాన్ల తేదీలు వ్రాసికొను పుస్తకము.